కాలిబంతికి కుక్కుట శాస్త్రం

జోస్యం చెప్పడంలో ఒక సుఖం వుంది. తప్పితే పదిమందీ మరిచిపోతారు. ఫలిస్తే మనమే పదిమందికీ గుర్తుచేయవచ్చు. ఈ సుఖానికి నేను నాలుగేళ్ళపాటు బాగా అలవాటు పడ్డాను. ఆ తరువాత దాని బాకీ ఎలా చెల్లించవలసి వచ్చిందో మనవి చేయడానికే ఈ నాలుగు మాటలూ.

నేను తెలుగు మేష్టరుని. రాజమహేంద్రవరంలో ప్రబంధాలూ, ఛందస్సూ చెప్పుకుని బ్రతుకుతున్నవాణ్ణి. ఫుట్‌బాలులో ఆఫ్‌సైడు అంటే ఏమిటో నలుగురు మిత్రులు నాకు నాలుగుసార్లు వివరించారు. నాలుగుసార్లూ అర్థమైనట్లే తల వూపాను. అటువంటి నేను ప్రపంచ ఫుట్‌బాలు కప్పు ఎవరిదో పోటీలకు ముందే చెప్పేవాణ్ణంటే మీరు నవ్వుతారు. నవ్వండి గాని, అందుకు కారణం మా మేనమామ. ఆయనకు కారణం కోడి.

మామయ్య శాస్త్రం

గోదావరి జిల్లాల వాళ్ళకు కుక్కుట శాస్త్రం సంగతి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా పై జిల్లాల పాఠకుల కోసం రెండు ముక్కలు. సంక్రాంతి కోడిపందాలలో ఏ కోడి గెలుస్తుందో రంగునుబట్టి చెప్పే శాస్త్రం అది. ఎర్ర ఈకలది డేగ, నల్లది కాకి, తెల్లది సేతు, ఒంటిమీద పసుపు ఈకలుంటే నెమలి. ఇవి గాక పింగళ, పర్ల, కౌజు, సవల, మైల, ముంగిస అని ఇంకా ఎన్నో రకాలు. ఏ వారం, ఏ తిథి, ఏ జాములో, వెన్నెల పక్షమైతే ఏది, చీకటి పక్షమైతే ఏది, ఏ రంగు మీద ఏ రంగు గెలుస్తుంది, ఏ దిక్కునుంచి బరిలోకి వదలాలి - అన్నీ అందులో వున్నాయి. లేనిది ఒక్కటే: పందెం పోతే ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళాలన్నది.

మా మామయ్యది కోనసీమలో యెదుర్లంక దగ్గర ఒక పల్లె. ఆయనకు శాస్త్రం యావత్తూ కంఠస్థం. రెండెకరాల కొబ్బరితోట కూడా వుండేది. ఇరవై సంక్రాంతులు గడిచేసరికి శాస్త్రం మిగిలింది, తోట పోయింది. ఓడిన ప్రతిసారీ ఆయన ఒకటే మాట అనేవాడు: “శాస్త్రం తప్పలేదురా అబ్బాయ్, జాము లెక్క నేనే తప్పాను.”

మా అమ్మ మాత్రం పండుగ మూడురోజులూ నన్ను గుమ్మం దాటనిచ్చేది కాదు. కోడి కత్తి కంటే తమ్ముడి నోరు ప్రమాదమని ఆమె అభిప్రాయం.

పెద్దవాణ్ణయి ఎం.ఏ. చదువుతున్నప్పుడు మామయ్యకు దండిలో తోడు దొరికాడు. దశకుమారచరిత్రలో కుమారులు పదిమందిలో ఒకడైన ప్రమతి దారిలో కోడిపందెం చూస్తాడు. తూర్పువైపు కోడి నారికేళ జాతిది; పడమటివైపు కోడి బలాకా జాతిది, అంటే కొంగ పోలికది. బలంలోనూ ప్రమాణంలోనూ మిన్న అయిన దానిమీదికి ఈ కోడిని వదిలారేమిటి తెలివితక్కువగా అని అతడు అంటాడు. పక్కనున్న ముసలి బ్రాహ్మణుడికి కూడా ఆ సంగతి తెలుసు. వీళ్ళకు చెప్పి ప్రయోజనమేమిటి, ఊరుకో అని కర్పూర తాంబూలం ఒకటి తీసి అతని చేతిలో పెడతాడు. పడమటి కోడి ఓడిపోతుంది. పదమూడవ శతాబ్దంలో కేతన ఈ గ్రంథాన్నే తెలుగు చేసి అభినవదండి అనిపించుకున్నాడు.

ఈ కథ చెప్పగానే మామయ్య ముఖం వికసించింది. “నారికేళ జాతంటే మన కోనసీమ కోడేరా! దండి గారికి కూడా మనమంటే గురి వుంది,” అన్నాడు. తాంబూలం మాట మాత్రం ఆయనా పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

నీలం కోడి

1998లో ప్రపంచ కప్పు పోటీలు ఫ్రాన్సులో జరిగాయి. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. మామయ్య ఇంట్లో టెలివిజను ముందు కూర్చున్నాను. పోటీలకు గుర్తుగా ఫ్రెంచివాళ్ళు ఒక బొమ్మను పెట్టుకున్నారు. పేరు ఫుటిక్స్. నీలం ఒళ్ళు, ఎర్ర తల, పసుపు ముక్కు, చేతిలో బంతి. మామయ్య కళ్ళజోడు సవరించుకుని దగ్గరికి వెళ్ళి చూశాడు.

“ఒరే, ఇది పుంజు కాదుట్రా?”

“పుంజే మామయ్యా.”

“నీలం పుంజా! శాస్త్రంలో లేని రంగే!” అని రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని, “అయితే కప్పు వీళ్ళదే,” అన్నాడు.

ఎలాగని అడిగాను. శాస్త్రంలో ప్రతి రంగుకూ దాన్ని ఓడించే ఎదురు రంగు ఒకటి వుంటుందిట. శాస్త్రంలో లేని రంగుకు ఎదురు రంగు కూడా వుండదు గదా! ఎదురు రంగు లేని కోడిని ఓడించేదేది? తర్కశాస్త్రం చదివినవారెవరైనా దీనికి జవాబు చెప్పగలిగితే చెప్పండి. నేను చెప్పలేకపోయాను.

ఫ్రాన్సుకు ఫైనలులో ఎదురైనది బ్రెజిలు. రొనాల్డో వున్న జట్టు, అంతకుముందు 1994లో కప్పు గెలిచిన జట్టు. లోకమంతా వాళ్ళనే అంటున్నది. బ్రెజిలువాళ్ళ పసుపు చొక్కాలను చూసి వాళ్ళను కానరీ పిట్టలంటారని నేను చెప్పాను. “పిట్టకూ పుంజుకూ పందెమేమిటిరా, పాపం!” అన్నాడు మామయ్య.

జులై 12వ తేదీ రాత్రి పారిస్ పక్కన సెయింట్ డెనిస్‌లో ఆట. మనకు అప్పటికి అర్ధరాత్రి దాటి సోమవారం వచ్చింది. “తెల్లవారేదాకా మనకు ఆదివారమే,” అని మామయ్య పంచాంగం సర్దాడు. జిదాను మొదటి సగంలోనే రెండుసార్లు తలతో పొడిచి రెండు గోళ్ళు చేశాడు. “చూశావా, జుట్టుతో పొడిచింది!” అని మామయ్య మంచం మీదనుంచి లేచాడు. జిదాను తలమీద జుట్టు అప్పటికే పలచబడింది గాని, శాస్త్ర సమయంలో ఆ మాట అనకూడదని ఊరుకున్నాను. చివరికి 3-0. కప్పు పుంజుదే.

మా మామయ్య జీవితంలో అంత సరిగ్గా చెప్పిన జోస్యం మరొకటి లేదు. దానిమీద ఆయన ఒక్క పైసా కాయలేదు. కాయడానికి అప్పటికి ఆయన దగ్గర పైసా లేదు.

ఏటి అవతలి వాళ్ళు

ఫ్రెంచివాళ్ళకు కోడి ఎక్కడినుంచి వచ్చిందంటారేమో. పూర్వం ఆ దేశం పేరు గాల్. లాటిను భాషలో గాలస్ అంటే ఆ దేశస్థుడు, గాలస్ అంటేనే కోడిపుంజు. రోమనులకు శ్లేష దొరికింది, ఫ్రెంచివాళ్ళకు చిహ్నం దొరికింది. శ్లేషకావ్యాలు వ్రాసినవాళ్ళం మనం. మనకూ ఇన్ని శ్లేషలున్నాయి గాని, ఒక్కటీ ఫుట్‌బాలు చొక్కా మీదికి ఎక్కలేదు.

మామయ్యకు ఈ వ్యుత్పత్తితో పని లేదు. “ఫ్రెంచివాళ్ళు పరాయివాళ్ళు కారురా, ఏటి అవతలివాళ్ళే,” అనేవాడు. ఆ మాట నిజమే. యెదుర్లంక రేవులో నిలబడితే గౌతమికి అవతల కనిపించేది యానాం. 1954లో ఫ్రెంచి ఏలుబడి పోయేదాకా అది పరదేశం. కాగితాలమీద విలీనం 1962లో గాని పూర్తికాలేదు. శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలు కూడవన్నాక, మన సరిహద్దులో పెళ్ళి చేయడానికి జంకినవాళ్ళు పడవెక్కి యానాం వెళ్ళి మూడుముళ్ళూ వేయించుకుని వచ్చేవారు. మా వంశంలోనూ అటువంటి పెళ్ళి ఒకటి జరిగిందని మా అమ్మమ్మ చెప్పేది. పెళ్ళికొడుకు ఎవరని అడిగితే తాతయ్య దగ్గేవాడు.

2006లో ఫ్రాన్సు మళ్ళీ ఫైనలుకు వచ్చింది. బెర్లినులో ఇటలీతో ఆట. మామయ్య అప్పటికి ముసలివాడై మంచం పట్టాడు. “కోడే,” అన్నాడు. ఆట సగంపైన సాగి, అదనపు సమయంలోకి వెళ్ళింది. అక్కడ జిదాను ఇటలీ ఆటగాడు మాటెరాజ్జీ గుండెలమీద తలతో ఒక్క కుమ్ము కుమ్మి ఎర్రకార్డు పుచ్చుకుని బయటికి నడిచాడు. పెనాల్టీలలో ఇటలీ 5-3తో గెలిచింది. శాస్త్రం తప్పిందా మామయ్యా అంటే, “తప్పలేదురా. కోడి కోడిలా పోరాడాలి. ఇతను పొట్టేలు పందెమనుకున్నాడు,” అన్నాడు. ఆ తరువాత మూడేళ్ళకు ఆయన పోయాడు. అట్టలేని కుక్కుట శాస్త్రం పుస్తకం నా వంతుకు వచ్చింది.

జంతుశాస్త్ర శాఖ

2018 పోటీలు రష్యాలో. మా స్టాఫురూములో లెక్కల మేష్టరు ఒకరు గణాంకాలు వేసి జర్మనీ అన్నారు. ఇంగ్లీషు మేష్టరు యథాప్రకారం ఇంగ్లండు అన్నారు. తెలుగువాణ్ణి తక్కువ తిన్నానా! మామయ్య పుస్తకం తీశాను. కాకపోతే ఆయన ఒక్క కోడికే చెప్పిన శాస్త్రాన్ని నేను సమస్త జంతుజాలానికీ విస్తరించాను. పరిశోధన అంటే అదే గదా.

మొదటి సూత్రం: ఆతిథ్యమిచ్చే దేశం పెట్టుకున్న బొమ్మనుబట్టి దాని గతి వుంటుంది. చిత్తగించండి. ఈ బొమ్మల సంప్రదాయం 1966లో ఇంగ్లండు మొదలుపెట్టింది. విల్లీ అనే సింహాన్ని పెట్టుకున్నారు, కప్పు గెలిచారు. 1982లో స్పెయినువాళ్ళు నారింజపండును పెట్టుకున్నారు; కప్పు ఇటలీ పట్టుకుపోయింది. 1986లో మెక్సికోవాళ్ళు మీసాలున్న మిరపకాయను పెట్టుకున్నారు. కప్పు అర్జెంటీనా పట్టుకుపోయింది. కాయగూరలతో యుద్ధాలు గెలవరని దీనివల్ల తేలుతున్నది. 2006లో జర్మనీ సింహాన్ని తెచ్చింది గాని దానికి చొక్కా తొడిగి లాగు తొడగలేదు. ఊరంతా నవ్వారు, కప్పూ దక్కలేదు. 2010లో దక్షిణాఫ్రికా చిరుతను పెట్టుకుని, ఆతిథ్యమిచ్చిన దేశం మొదటి దశలోనే ఇంటిదారి పట్టడమన్నది మొదటిసారి చేసి చూపింది. 2014లో బ్రెజిలు సంగతి మరీ విషాదం. మన అలుగు లాంటి జంతువు ఒకటి, భయమేస్తే ఉండలా చుట్టుకుపోయేది, దాన్ని ఏరికోరి పెట్టుకున్నారు. సెమీఫైనలులో జర్మనీ మీద 1-7తో సరిగ్గా అలాగే చుట్టుకుపోయారు.

రెండవ సూత్రం: ఒకే జంతువు చాలామందికి వుంటే దాని బలం పంచుకుపోతుంది. ఇంగ్లండు చొక్కామీద మూడు సింహాలు. నెదర్లాండ్స్‌ది సింహం. కామెరూను, సెనెగలు, మొరాకో - ముగ్గురూ సింహాలమనే చెప్పుకుంటారు. ఒక అడవికి ఇన్ని సింహాలైతే ఏ సింహానికీ పూటకు సరిపడా మాంసం దొరకదు. గద్దల సంగతీ అంతే: జర్మనీ, పోలండు, నైజీరియా, ట్యునీషియా. కోడి ఒక్కటే.

మూడవది మాత్రం నేను పురాణాలనుంచి సాధించిన సూత్రం. సింహం అమ్మవారి వాహనం, గరుడుడు విష్ణువు వాహనం, నిజమే. కాని వాహనమంటే మోసేది. జెండా అంటే ముందు నడిచేది. దేవసేనాపతి కుమారస్వామి జెండామీద వున్నది కోడి. సేనాపతి జెండా ఓడుతుందా?

ఇంతకూ, రంగు పట్టింపు మనకొక్కరికే వుందనుకోకండి. బ్రెజిలువాళ్ళు పూర్వం తెల్లచొక్కాలు వేసుకునేవారు. 1950లో సొంత ఊళ్ళో ఉరుగ్వే చేతిలో కప్పు పోయాక ఆ తెలుపు అచ్చిరాలేదన్నారు. ఒక పత్రికచేత కొత్త చొక్కాకు పోటీ పెట్టించి పసుపు ఎంచుకున్నారు. అంటే సేతును వదిలి నెమలిని పట్టుకున్నారన్నమాట. తీరా 1958 ఫైనలులో స్వీడనుది కూడా పసుపే కావడంతో, ఎంతో కష్టపడి ఎంచుకున్న చొక్కా విప్పేసి నీలం వేసుకుని ఆడారు. 5-2తో గెలిచారు. నీలానికి ఎదురు లేదని మా మామయ్య ఊరికే అనలేదు.

ఈ సూత్రాలన్నీ కాగితంమీద వ్రాసి స్టాఫురూము గోడకు అంటించి, క్రింద “ఫ్రాన్సు” అని సంతకం చేశాను. జులై 15, ఆదివారం, మాస్కోలో ఫ్రాన్సు క్రొయేషియాను 4-2తో ఓడించింది. సోమవారం ఉదయం కాలేజీలో నాకు జరిగిన సన్మానం నా పరిశోధన పత్రాలకు ఏనాడూ జరగలేదు. పిల్లలు నాకు కోడి మేష్టరని పేరు పెట్టారు. పైకి కోపం నటించాను. లోపల మాత్రం జరీ కండువా కప్పినట్లే వుంది.

కోడేనా బావగారూ?

2022 పోటీలు కటారులో, నవంబరు డిసెంబరు నెలల్లో జరిగాయి. మనకు సార్వా కోతల రోజులు. కోనసీమనుంచి మా బావమరిది ఫోను చేశాడు.

“బావగారూ, ఈసారీ కోడేనా?”

“కోడే. సందేహమేముంది?” అని నవ్వాను.

అతను వ్యవసాయం తప్ప ఏ ఆటా చూసి ఎరగడు. ఎందుకడుగుతున్నావని నేను అడగలేదు. ఈ వ్యాసంలో నేను ఒప్పుకోవలసిన తప్పు ఏదైనా వుంటే అదే.

మొదటి దశలో ట్యునీషియా గద్ద ఫ్రెంచి కోడిని 1-0తో తన్నింది. బావమరిది కంగారుగా ఫోను చేశాడు. ఆ రోజు ఫ్రాన్సు అసలు ఆటగాళ్ళలో తొమ్మిదిమందిని మార్చి కొత్తవాళ్ళను దింపిందని పత్రికలో చదివాను. “గద్ద తన్నుకుపోయేది కోడిపిల్లల్నే గదయ్యా. ఆవేళ ఆడింది పిల్లలు,” అన్నాను. నాకే ముచ్చట వేసింది ఆ మాటకు. ఆపైన చూడండి: పోలండు గద్దను 3-1తోనూ, ఇంగ్లండు మూడు సింహాలను 2-1తోనూ, మొరాకో అట్లాసు సింహాన్ని 2-0తోనూ కోడి వరసగా పడగొట్టింది. కుక్కుట శాస్త్రానికి ఇంతకంటే రుజువు ఇంకేం కావాలి?

డిసెంబరు 18, ఆదివారం. ఫైనలులో ఎదురు అర్జెంటీనా. ఆట చూడడానికి బావమరిది బస్సెక్కి మా ఇంటికే వచ్చాడు. నేను పకోడీల మధ్య, అతను మౌనం మధ్య కూర్చున్నాం. అర్జెంటీనా మెస్సీ ఒకటి, డి మారియా ఒకటి వేసి 2-0 చేశారు. ఎనభై నిమిషాలదాకా కోడి బరిలో వున్నట్లే లేదు. ఫ్యాను క్రింద కూర్చున్న మనిషికి చెమట పట్టడం అప్పుడు చూశాను. అంతలో ఎంబాపే రెండు నిమిషాలలోపల రెండు గోళ్ళు కొట్టాడు. బావమరిది లేచి నన్ను వాటేసుకున్నాడు. వాటేసుకున్న చేతులు వణుకుతున్నాయి. అదనపు సమయంలో మెస్సీ మళ్ళీ వేశాడు; ఎంబాపే మళ్ళీ సమం చేశాడు. 3-3. ఆఖరి క్షణంలో ఫ్రాన్సు ఆటగాడు గోలుముందు ఒంటరిగా దొరికిన బంతిని తన్నితే, అర్జెంటీనా గోలుకీపరు కాలు చాపి ఆపాడు. ఆ కాలు బావమరిది గుండెలమీద పడ్డట్లే అయింది. పెనాల్టీలలో 4-2తో అర్జెంటీనా గెలిచింది.

టెలివిజను కట్టేశాను. “పోనీలేవయ్యా, మంచి ఆట చూశాం,” అన్నాను. అతను తల ఎత్తలేదు. కాసేపటికి చెప్పాడు. ధాన్యం అమ్మగా వచ్చిన డబ్బులో అరవై వేలు, కూతురి ఇంజనీరింగు కాలేజీ ఫీజుకని తీసిపెట్టినది, స్నేహితుడెవరో ఫోనులో చూపిస్తే కోడిమీద కాశాడు.

“నీకేం పుట్టిందయ్యా?” అన్నాను.

“మీరు ఎం.ఏ. చదివినవారు గదా బావగారూ. ఊరికే చెబుతారా అనుకున్నాను,” అన్నాడు.

ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఒక మనిషి నా మాటను అంత పూర్తిగా నమ్మడం అదే మొదటిసారి. అది కోడి విషయంలో జరిగింది.

చట్టం మాట తెలియనివాడెవడూ లేడు. జంతువులను హింసించరాదని 1960లో ఒక చట్టం వచ్చింది; జూదమాడరాదని 1974లో మన రాష్ట్రంలో ఒకటి వచ్చింది; 2020లో దాన్ని సవరించి ఫోనుల్లో ఆడే జూదాన్ని కూడా చేర్చారు. కాని హాస్యానికి చెప్పిన మాటను నిజమని నమ్మేవాణ్ణి కాపాడే చట్టం ఏదీ లేదు. ఆ పని హాస్యమాడినవాడే చేయాలి. మరునాడు మా ఆవిడ మాట్లాడకుండా చేతి గాజులు తీసి నా బల్లమీద పెట్టింది. పెట్టి, “మీ మామయ్యకు కనీసం కోడిని పట్టుకోవడమైనా వచ్చు,” అన్నది. గాజులు బ్యాంకుకు వెళ్ళాయి. ఫీజు గడువులోపల కట్టాం.

మేనకోడలి లెక్క

సంక్రాంతికి మేనకోడలు మా ఇంటికి వచ్చింది. దాని ముందు నా పరువు నిలబెట్టుకోవాలనిపించింది. తండ్రి తప్పేమీ లేదనీ, శాస్త్రం కూడా తప్పలేదనీ, నేనే ఒకటి గమనించలేదనీ మొదలుపెట్టాను. అర్జెంటీనా జెండామీద వున్నది సూర్యుడు. ఫైనలు జరిగింది ఆదివారం. కోడి ఎంత కూసినా, సూర్యుడు వచ్చేదాకానే గదా! వచ్చాక దాని పని అయిపోయింది.

అది శ్రద్ధగా విన్నది. విని, “2018లో ఇదే సూర్యుణ్ణి ఇదే కోడి 4-3తో ఓడించింది గదా మామయ్యా. ఉరుగ్వే జెండామీదా సూర్యుడే. దాన్నీ 2-0తో ఓడించింది. ఆ రోజు సూర్యుడు మబ్బులో వున్నాడా?” అన్నది.

నా దగ్గర జవాబు లేదు.

“2010లో జర్మనీలో పాల్ అని ఒక ఆక్టోపసు వుండేది, గుర్తుందా?” అని అదే మళ్ళీ అన్నది. “జెండాలు అంటించిన రెండు పెట్టెల్లో తిండి పెడితే ఒకదాన్ని ఎంచుకునేది. ఎనిమిది ఆటలకు ఎనిమిదీ సరిగ్గా చెప్పింది. బొమ్మా బొరుసూ వేసినా ఎనిమిదిసార్లూ సరిగ్గా పడే అవకాశం రెండువందల యాభైఆరింటిలో ఒకటి వుంటుంది. లోకంలో అలా జోస్యం చెప్పించిన జంతువులు ఎన్నో. తప్పు చెప్పిన వాటి బొమ్మ ఏ పత్రికా వెయ్యదు. నిజం పలికిన ఒక్కదానికే పేరు వస్తుంది. మీ మామయ్యగారు ఇరవై సంక్రాంతులు చెప్పినవి ఎవరికీ గుర్తులేవు. 1998 ఒక్కటే మీకు గుర్తుంది.”

గోదావరి గట్టున చెట్టు క్రింద కూర్చునే చిలకజోస్యుడు కూడా నాకంటే నిజాయితీపరుడని అప్పుడు తోచింది. అతని చిలక ఏ కార్డు తీసినా, తన ఖాతాలో వేసుకునేది దక్షిణ మాత్రమే. శాస్త్రమని సంతకం చెయ్యడు.

“నాన్నను ఏమీ అనకండి మామయ్యా,” అన్నది లేవబోతూ. “అత్తయ్య గాజులు ఉద్యోగం వచ్చాక నేను విడిపిస్తాను.”

ఆ అవసరం రానివ్వలేదు. పధ్నాలుగు నెలలపాటు జవాబు పత్రాలు దిద్దిన డబ్బుతో నేనే విడిపించాను. ఒక్కొక్క గాజుకు ఎన్ని వేల జవాబులు చదివానో లెక్క వేయలేదు. ఆ జవాబులలో కూడా జోస్యాలే ఎక్కువ: మేష్టరు ఏం రాస్తే మార్కులు వేస్తాడో ఊహించి వ్రాసినవి. బావమరిది నెలనెలా ఒక బస్తా కొబ్బరికాయలు పంపి తన వంతు బాకీ తీర్చాడు. నారికేళ జాతివాడు, మాట తప్పడు.

2026 పోటీలకు అమెరికా, కెనడా, మెక్సికోలు కలిసి ఒకటికి మూడు బొమ్మలు పెట్టుకున్నాయని తెలిసిననాడు స్టాఫురూములో అందరూ నా చుట్టూ మూగారు. కెనడాది మూస్ అనే పెద్దకొమ్ముల దుప్పి, మెక్సికోది జాగ్వారు, అమెరికాది తెల్లతల గద్ద. “మేష్టారూ, శాస్త్రం ఏమంటున్నది?” అన్నారు.

మా ఊళ్ళో ఒక ముసలమ్మ కథ చెబుతారు. తన కోడి కూస్తేనే ఊరికి తెల్లవారుతుందనీ, తన కుంపటి వుంటేనే ఊళ్ళో పొయ్యిలు వెలుగుతాయనీ ఆమె నమ్మకం. ఒకనాడు అలిగి కోడినీ కుంపటినీ చంకన పెట్టుకుని అడవికి పోయింది. ఊరికి మామూలుగానే తెల్లవారింది. ఫ్రాన్సు గెలిచిన రెండుసార్లూ ఆ తెల్లవారడం మా మామయ్య కోడివల్లనే అనుకున్నాం, ఆయనా నేనూ.

కథంతా వాళ్ళకు చెప్పలేదు. జేబులోనుంచి కిళ్ళీ పొట్లం తీసి, అడిగినవాళ్ళందరికీ తలొక కిళ్ళీ ఇచ్చి, నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను. నోటినిండా తాంబూలమున్నవాడు జోస్యం చెప్పలేడు. దండిగారి ముసలి బ్రాహ్మణుడి శాస్త్రం ఇదేనని నాకు నలభైయేళ్ళు దాటాక గాని అర్థం కాలేదు.